చండీగఢ్ సెక్టార్ 22 హెరిటేజ్ వాక్: వెళ్ళొచ్చాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, వెళ్ళండి. చండీగఢ్ వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది రాక్ గార్డెన్, సుఖ్నా లేక్ చూసి, ఓపికుంటే హైకోర్టు ముందు ఫొటో దిగి రైలెక్కేస్తారు. ఆ ఊళ్ళో గుమాస్తాలు, ప్యూన్లు, టీచర్లు ఎలాంటి ఇళ్ళలో ఉండాలని ప్లాను గీశారో, తర్వాత వాళ్ళు ఆ ఇళ్ళను ఎలా వాడుకున్నారో చూపించే టూర్ నాకు ఇదొక్కటే దొరికింది. మనిషికి 600 రూపాయలు. ఉదయం ఏడున్నరకు మొదలై మూడు గంటలు. 5కి 4 స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్క స్టారు ఎందుకు తగ్గించానో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. నడుపుతున్నది ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకున్న చిన్న సంస్థ. నా ఫిర్యాదులు వాళ్ళకు నేరుగా పంపాను కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు. బస్టాండు పక్క హోటళ్ళలో సెక్టార్ 22 వాక్ అని అడిగితే నంబరు ఇస్తారు.

నాకు ఈ సెక్టార్ కొత్త కాదు. నాన్న సెంట్రల్ గవర్నమెంటులో అకౌంట్స్ క్లర్కు. 1995లో చండీగఢ్ బదిలీ అయితే క్వార్టర్ దొరకలేదు. సెక్టార్ 22లో ఒక ఇంటి మీద బర్సాతీ అద్దెకు తీసుకున్నాం. బర్సాతీ అంటే డాబా మీద వేసిన ఒక్క గది, దాని ముందు ఖాళీ డాబా. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. 1999లో మళ్ళీ గుంటూరు వచ్చేశాం. ఇప్పుడు విజయవాడలో ఒక ఆర్కిటెక్టు దగ్గర డ్రాఫ్టింగ్ పని చేస్తున్నాను. మా ఊరు అమరావతి 29 గ్రామాల్లో ఒకటి. పొలం ల్యాండ్ పూలింగ్‌కు ఇచ్చాం. కొత్తగా కట్టే ఊరిలో ఒక పేట ఎలా పుడుతుంది, యాభై అరవై ఏళ్ళకు ఏమవుతుంది అనేది నాకు ఇంట్లో విషయం. అందుకే ఫిబ్రవరిలో నాన్నను తీసుకుని వెళ్ళాను. ఆయనకు 74 ఏళ్ళు.

నడక కిరణ్ సినిమా ముందు మొదలవుతుంది. ఇది చండీగఢ్‌లో కట్టిన మొదటి సినిమా హాలు, డిజైన్ చేసింది బ్రిటిష్ ఆర్కిటెక్టు మాక్స్‌వెల్ ఫ్రై. గైడ్ గారు అక్కడే పావుగంట నిలబెట్టి పాత కథ చెప్పారు. బాగా చెప్పారు. 1947లో లాహోర్ పాకిస్తాన్‌కు పోయింది, తూర్పు పంజాబ్‌కు రాజధాని లేకుండా పోయింది. సిమ్లాలో తాత్కాలికంగా సర్దుకున్నారు. చీఫ్ ఇంజనీరు పి.ఎల్. వర్మ, అడ్మినిస్ట్రేటర్ పి.ఎన్. థాపర్ కొత్త రాజధాని బాధ్యత నెత్తిన వేసుకున్నారు. కొండల కింద చండీ మందిరం ఉంది కాబట్టి ఊరికి ఆ పేరు. మొదటి ప్లాను అమెరికన్ ఆల్బర్ట్ మేయర్‌ది. ఆయనతో పనిచేసిన ఆర్కిటెక్టు మాథ్యూ నొవిట్స్కీ 1950 ఆగస్టులో ఇక్కడినుంచి తిరిగి వెళ్తూ విమాన ప్రమాదంలో చనిపోయాడు. దాంతో వర్మ, థాపర్ యూరప్ వెళ్ళి స్విస్-ఫ్రెంచ్ ఆర్కిటెక్టు లె కార్బూజియేను, ఆయన కజిన్ పియర్ జనరేను, ఫ్రై, జేన్ డ్రూ దంపతులను ఒప్పించి తెచ్చారు. ఇదంతా ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. కానీ చలికి చేతులు రుద్దుకుంటూ, ఎదురుగా 1950ల నాటి గోడ చూస్తూ వింటుంటే వేరుగా ఉంటుంది.

తర్వాత ఆయన చెప్పిన ఒక మాట నాకు చాలా నచ్చింది. అందరూ ఈ ఊరిని కార్బూజియే కట్టాడంటారు. కానీ కార్బూజియే మనసంతా అసెంబ్లీ, సెక్రటేరియట్, హైకోర్టు ఉన్న క్యాపిటల్ కాంప్లెక్స్ మీద. ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్ళేవాడు. మనుషులు ఉండే ఇళ్ళు, బడులు, డిస్పెన్సరీలు గీసింది జనరే, ఫ్రై, డ్రూ, వాళ్ళతో పనిచేసిన మన ఆర్కిటెక్టులు. ఫ్రై, డ్రూ మూడేళ్ళ కాంట్రాక్టు అవగానే వెళ్ళిపోయారు. జనరే మాత్రం 1965 దాకా ఇక్కడే ఉండిపోయాడు. 1967లో జెనీవాలో చనిపోతే, ఆయన కోరిక మేరకు చితాభస్మం తెచ్చి సుఖ్నా లేక్‌లో కలిపారు. ఈ సంగతి విన్నప్పుడు నాన్న తలపాగాలా చుట్టుకున్న మఫ్లర్ తీసి చేతిలో పట్టుకున్నారు. మన ఆర్కిటెక్టుల్లో ఎం.ఎన్. శర్మ, ఆదిత్య ప్రకాశ్, జీత్ మల్హోత్రా, ఊర్మిళా యూలీ చౌదరి పేర్లు గైడ్ గారు ఒక్కొక్కటే నెమ్మదిగా చెప్పారు. డ్రాఫ్టింగ్ బల్ల దగ్గర కూర్చునేదాన్ని కదా, ఆ పేర్లు వినిపించడమే నాకు పెద్ద విషయం.

సెక్టార్ లెక్క తెలియనివాళ్ళకు చెబుతాను. ఒక సెక్టార్ 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు. చుట్టూ పెద్ద రోడ్లు. ఇళ్ళు ఆ రోడ్లకు వీపు చూపించి లోపలికి తిరిగి ఉంటాయి. సెక్టార్ మధ్యగా ఒక బజారు వీధి పోతుంది. దుకాణాలు, బడి, డిస్పెన్సరీ, ఆడుకునే జాగా, అన్నీ నడిచే దూరంలో ఉండాలని ఆలోచన. రోడ్లను వీ-1 నుంచి వీ-7 దాకా తరగతులు చేశారు. బయటి ఊళ్ళనుంచి వచ్చే పెద్ద రోడ్డు వీ-1, పార్కులోంచి పోయే కాలిబాట వీ-7. బళ్ళో చదివేటప్పుడు మాకు ఇవేవీ తెలియవు. మాకు తెలిసింది నంబర్ల ఆట ఒక్కటే. చాలాచోట్ల పై సెక్టార్, కింది సెక్టార్ నంబర్లు కలిపితే 13 గుణిజం వస్తుంది. 9, 17 కలిపితే 26. 17, 22 కలిపితే 39. అసలు ప్లానులో సెక్టార్ 13 మాత్రం లేదు. ఆ నంబరు ఎక్కడ దాక్కుందో వెతకడానికి ఎండాకాలం సెలవుల్లో సైకిళ్ళేసుకుని తిరిగాం. గైడ్ గారికి ఈ ఆట చెబితే ఇకమీదట వచ్చే పిల్లలకు చెబుతానని నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

ఇక ఈ నడకలో అసలైన భాగం టైప్ 13 ఇల్లు. దీనికోసమైనా వెళ్ళాలి.

ప్రభుత్వోద్యోగుల ఇళ్ళను జీతాన్ని బట్టి 13 రకాలుగా విడదీశారు. టైప్ 1 ముఖ్యమంత్రికి. టైప్ 13 ప్యూన్లకు, స్వీపర్లకు. సెక్టార్ 22 మొదట కట్టిన సెక్టార్లలో ఒకటి, అందులో ఆ చివరి నంబరు ఇళ్ళు వరసలుగా ఉన్నాయి. రెండు గదులు, ముందు వసారా, వంటకు కాస్త చోటు, వెనక చిన్న పెరడు. ప్రతి ఇంటికీ కుళాయి, ప్రతి ఇంటికీ ఫ్లష్ లెట్రిన్. 1950ల మొదట్లో మన దేశంలో ఒక ప్యూను ఇంటికి ఇవి ఇవ్వడం ఎంత పెద్ద సంగతో, మా నానమ్మ తన జీవితమంతా చెరువు నుంచి బిందెలు మోసింది కాబట్టి నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక ఇంటి తలుపు తీసే ఉంది. అందులో ఉండే పెద్దావిడకు గైడ్ గారు ముందే చెప్పి ఉంచారు, ఆవిడ మమ్మల్ని లోపలికి రానిచ్చింది. పద్నాలుగుమందిమి ఒక్కసారి పట్టలేదు, నలుగురేసి వెళ్ళాం. నేను వసారా పక్క ఇటుక జాలీ ముందు ఆగిపోయాను. బయట గోడకు సిమెంటు పూత లేదు, ఎర్ర ఇటుక అలాగే వదిలేశారు. జాలీ కోసం వేరే డిజైను బిళ్ళలు ఏవీ వాడలేదు. అదే మామూలు ఇటుకను ఒకటి వదిలి ఒకటి పేర్చారు, మధ్యలో అరచేయి దూరేంత సందు. నేను వేలు పెట్టి చూశాను. ఏ సందుకూ ఇంకో సందుకూ వేలి మందం తేడా లేదు. అంచుల్లో సున్నం చారలు లేవు. ఆ ఇంటి అద్దెకు, ఆ ఇంట్లో ఉండబోయే మనిషి జీతానికి సంబంధం లేకుండా, మేస్త్రీ చెయ్యి ఎంత శ్రద్ధగా నడిచిందో ఆ సందుల్లో కనిపిస్తుంది. ఇక్కడ ఇటుకే ఎందుకంటే చవక, దగ్గర్లోనే కాలుతుంది కాబట్టి. సిమెంటు, స్టీలు పెద్ద భవనాలకే సరిపోవడం కష్టమైన రోజులవి.

పెద్దావిడ ఆ జాలీకి లోపలివైపు ప్లాస్టిక్ షీటు మేకులు కొట్టి బిగించింది. ఎందుకని అడిగితే, ఎండాకాలం దేవుడు, చలికాలం శత్రువు అంది. నవంబరులో షీటు కడుతుందట, హోలీ అయ్యాక విప్పుతుందట. వంటగదిలో నిలబడి వండే గట్టు తర్వాత కట్టించుకున్నదని చూపించింది. వాళ్ళ అత్తగారు నేలమీద కూర్చునే వండేదట. ఎండాకాలం రాత్రుళ్ళు వీధి వీధంతా బయట నులకమంచాలు వేసుకుని పడుకునేవారట. ఈవిడ మాట్లాడిన పది నిమిషాల్లో నాకు ఈ పేట చరిత్ర కళ్ళకు కట్టినట్టు తెలిసింది. మాకందరికీ స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. సంస్థవాళ్ళు ఆవిడకు నెలనెలా ఏదైనా ఇస్తున్నారో లేదో అడిగాను, ఇస్తున్నామన్నారు. మీరు వెళ్తే మీరూ అడగండి.

బజారు వీధి దగ్గర మాత్రం నాకు విసుగొచ్చింది. నలభై నిమిషాలు నిలబెట్టారు, కూర్చోడానికి చోటు లేదు. నాన్న ఒక దుకాణం మెట్టు మీద కూర్చున్నారు. గైడ్ గారి స్పీకరు డబ్బా కీచుమంటూనే ఉంది, వెనక ఉన్నవాళ్ళకు సగం మాటలు అందలేదు. అంతసేపూ కార్బూజియే సిద్ధాంతాలే. ఎదురుగా శాస్త్రి మార్కెట్ సందులో బట్టల బేరాలు హోరెత్తుతున్నాయి, ఆ మార్కెట్ ఎలా వచ్చిందో రెండే ముక్కల్లో ముగించారు. నన్నడిగితే అక్కడే ఆగాలి. ప్లానులో కట్టిన దుకాణాలు సామాన్యుడికి అందలేదు. తోపుడుబళ్ళ ఊసు ప్లానులోనే లేదు. అయినా బళ్ళు వచ్చాయి, ఎందుకంటే ప్యూను జీతానికి కూరగాయలు అమ్మేది బండివాడే. కొన్నాళ్ళకు బళ్ళు బడ్డీకొట్లయ్యాయి, బడ్డీకొట్లు మార్కెట్టయ్యాయి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, 2019లో ఈ సెక్టార్ బళ్ళను వేరే చోట్లకు పంపించారు. మా అమ్మ గోంగూర దొరక్క, దానికి దగ్గరగా పుల్లటి ఆకు ఏదైనా తెచ్చిపెట్టమని ఒక బండి అతనితో చేతి సైగలతో మాట్లాడేది. అతను తోటకూర, పాలకూర, మెంతికూర ఒక్కొక్కటీ ఎత్తి చూపించేవాడు. ఈ పేటలో మాకు మొదట పరిచయమైన మనిషి అతనే.

ఇక స్టారు తగ్గించిన కారణం. మొదట్నుంచీ నా మనసులో ఉన్న ప్రశ్న గైడ్ గారిని నెహ్రూ పార్కు దగ్గర అడిగాను. ఈ నేల ఎవరిది? ఇక్కడ ఏ ఊరు ఉండేది? ఆయన కాసేపు ఆగి, ఇదంతా పొలాలండీ, మామిడి తోపులండీ అన్నారు. మామిడి తోపులుంటే వాటికి నీళ్ళు కట్టినవాళ్ళు ఉంటారు కదా. మొదటి దశలో, అంటే 1 నుంచి 30 సెక్టార్ల కోసం, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. భూములు పోయిన రైతులు ఆందోళన చేశారు. 31 నుంచి 47 దాకా కట్టిన రెండో దశలో బుడైల్, అటావా లాంటి ఊళ్ళను సెక్టార్ల మధ్యలోనే ఉంచేశారు. ఈ తేడా మాకు ప్రాణం లాంటిది. అమరావతిలో గ్రామకంఠాలను, అంటే ఊరి ఇళ్ళున్న జాగాలను, పూలింగ్‌లో కలపలేదు, అందుకే మా ఇల్లు, మా రావిచెట్టు ఇంకా ఉన్నాయి. ఇక్కడ అవి లేకుండా పోయిన ఊరివాళ్ళ పేరు మూడు గంటల నడకలో ఒక్కసారీ వినిపించకపోతే నాకు మనసు చివుక్కుమంది.

అలాగే కట్టిన కూలీలు. వాళ్ళిచ్చే పుస్తకంలో ఒక ఫొటో ఉంది, ఆడకూలీలు తలమీద తట్టలతో కాంక్రీటు మోస్తూ సర్వి కర్రల పరంజా మీద బారులు తీరారు. కింద భవనం పేరుంది, ఆర్కిటెక్టు పేరుంది. ఆ ఆడవాళ్ళు రాత్రి ఎక్కడ పడుకున్నారో లేదు. ఆ 13 రకాలూ ప్రభుత్వోద్యోగులకే కాబట్టి వాళ్ళకు ప్లానులో ఇల్లు లేదు. గుడిసెలు వేసుకున్నారు. అలాంటి కాలనీలు ఒకటొకటిగా తీసేస్తూ వచ్చారు. కాలనీ నంబర్ 4ను 2022లో కూల్చారు. సెక్టార్ 22 చరిత్ర అని పేరు పెట్టి 600 రూపాయలు తీసుకుంటున్నప్పుడు ఈ రెండు సంగతులకు చెరో పది నిమిషాలు ఇవ్వాలి. కార్బూజియే సిద్ధాంతాల నలభైలోంచి ఇరవై తీస్తే చాలు. ఇది వాళ్ళకు రాశాను, ఆలోచిస్తామని మర్యాదగా జవాబిచ్చారు. పుస్తకం ఇంగ్లిష్‌లో మాత్రమే ఉందని, హిందీలో, పంజాబీలో కూడా వేయమని కూడా రాశాను. ఆ పెద్దావిడ తన ఇంటి గురించి ఏం రాశారో తాను చదువుకోలేకపోతోంది.

నడక చివర్లో ఆటోల్లో సెక్టార్ 19లోని లె కార్బూజియే సెంటర్‌కు తీసుకెళ్తారు. ఆటో ఖర్చు ఆ 600లోనే. ఊరు కట్టేటప్పుడు ఆర్కిటెక్టులు కూర్చుని పనిచేసిన ఆఫీసు ఇదే. నెహ్రూతో నడిచిన ఉత్తరాలు, పాత డ్రాయింగులు, అప్పటి కుర్చీలు చూడొచ్చు. జనరే డిజైన్ చేసిన అడ్డకాళ్ళ కుర్చీలు మా నాన్న ఆఫీసులో విరిగినవి పోగేసి వరండాలో పడేసేవారట. ఆ కుర్చీలే తర్వాత విదేశీ వేలాల్లో లక్షల్లో అమ్ముడుపోయాయి, 2011లో కేంద్ర హోం శాఖ అమ్మకాలు ఆపమని ఆదేశించింది. నాన్న ఒక కుర్చీ ముందు నిలబడి, చేత్తో ముట్టుకోకుండా, దీని మీద కూర్చునే నేను మీ బడి ఫీజు లెక్కలు వేసుకునేవాణ్ణి అన్నారు. సెంటర్‌కు సోమవారం సెలవు, నడక పేరు రాయించుకునేటప్పుడు చూసుకోండి.

మా బర్సాతీ ఉన్న ఇల్లు నడక దారిలో లేదు. గైడ్ గారు దారి మార్చారు. ఇది ఆయన చేయాల్సిన పని కాదు, ఎవరూ అడగనూ లేదు, నాన్న అటువైపు చూస్తుండటం గమనించి తీసుకెళ్ళారు. మిగతా పన్నెండుమంది కింద చెట్టు కింద ఆగారు. ఇంటివాళ్ళ మనవడు మేము చెప్పేది విని పైకి రమ్మన్నాడు. గది ఇప్పుడు స్టోరు రూము. డాబా చుట్టూ పిట్టగోడలో జాలీ అలాగే ఉంది. అమ్మ ఆ జాలీ నీడ పడని వైపు ఎండుమిరపకాయలు, వడియాలు పెట్టేది. దండెం కట్టడానికి నాన్న ఇటుకల మధ్య దిగ్గొట్టిన రెండు మేకుల్లో ఒకటి ఉంది, తుప్పుపట్టి. అమ్మ పోయి ఆరేళ్ళయింది. నాన్న ఆ మేకును బొటనవేలితో రెండుసార్లు రుద్ది కిందికి దిగారు.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మడత స్టూలు ఒకటి పట్టుకెళ్ళండి. వాళ్ళకు ముందే చెబితే చిన్న గుంపుతో పంపుతారు, పద్నాలుగుమంది ఆ సందులకు ఎక్కువ. ఫిబ్రవరి, మార్చి, అక్టోబర్, నవంబర్ మంచివి. మే, జూన్‌లలో ఏడున్నరకే ఎండ మండిపోతుంది.

మేము అక్టోబర్‌లో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి టూర్ లేదు. సెక్టార్ 45లో బుడైల్ ఊరిలోపల దిగి, అక్కడి పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, 22 కింద ఉన్న ఊరివాళ్ళు ఎటు పోయారో తానే అడుగుతానంటున్నారు నాన్న. ఆయనకు పంజాబీ ఇంకా బాగానే వచ్చు.